రెండు జతల గ్లోవ్స్, ఒక పిల్లి

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి కారణాలు రెండు. ఇది జరిగేనాటికి నాకు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చేనాటికి కుడిచేతి చూపుడువేలు వంగడం మానేసింది. బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ కలం ఇరికించి రాయడం అలవాటు కావడానికి మళ్లీ కొన్నేళ్లు పట్టింది. అక్షరాలు రావడానికీ, వేలు పోవడానికీ కారణం ఒకే పిల్లి. అందుకే దాని మీద నాకు కోపం లేదు. ప్రేమ ఉందా అంటే అదీ చెప్పలేను. ఒకరి జోలికి ఒకరం పోకుండా ఉండే మర్యాద ఏదో మా మధ్య కుదిరింది.

ఇప్పుడు రాయడానికి కారణం మీలాంటి చిన్నవాళ్లే. మా వైపు కొత్త లేఅవుట్లలో కాలేజీ పిల్లలు, ఉద్యోగాలకు వెళ్లే పిల్లలు బయటి పిల్లులను కాపాడాలని తువ్వాళ్లు పట్టుకుని పరుగెత్తడం చూస్తున్నాను. మనసు మంచిదే. చేతుల గురించే నా భయం.

మాది లాల్‌గడి మలక్‌పేట్. తుర్కపల్లిలో మందులు తయారుచేసే ఒక కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా పని గౌనింగ్ గదిలో. మందు తయారయ్యే చోటికి వెళ్లేవాళ్లు తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు వేసుకుంటారు. కళ్లకు అద్దాలు, చేతులకు ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లోవ్స్. ఆ సూట్లను ఉతికించి, వెలుతురుకు పట్టి చిరుగులు వెతికి, మడతపెట్టి సంచుల్లో పెట్టేదాన్ని. సైజుకో రంగు దారం కుట్టి ఉండేది కాబట్టి చదువు రాకపోయినా పని ఆగలేదు. ఒంటి మీద గాయమున్నవాళ్లు ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఆ సూటు ఎందుకో ఒక్క ముక్క చెబుతాను, గుర్తుపెట్టుకోండి. మన ఒంటి మీది దుమ్మూ వెంట్రుకా పోయి మందులో పడకుండా ఉండటానికి. అంటే అది మన నుంచి మందును కాపాడుతుంది. మనల్ని దేని నుంచీ కాపాడదు. రోజూ అదే పనిలో ఉన్న మేమే ఈ సంగతి మరిచిపోయాం.

మా కంపెనీ వెనకాల చల్లదనం పుట్టించే పెద్ద యంత్రాలు ఉంటాయి. వాటి పక్కన పాత చెక్క పలకల గుట్ట. అక్కడ ఒక బూడిద రంగు చారల పిల్లి ఈనింది. ఇంటి పిల్లి కాదు. గోడ దూకి వచ్చి, క్యాంటీన్ వెనక ఎలుకలు పట్టి బతికే పిల్లి. మనిషి కనబడితే మాయమయ్యేది. దాని పిల్లలు మాత్రం అరిచేవి.

అప్పుడే పెద్ద తనిఖీ ఒకటి రాబోతోంది. ఆవరణలో ఏ జంతువూ కనబడకూడదని పైనుంచి మాట వచ్చింది. ఎలుకలకు మందు పెట్టే కాంట్రాక్టు వాళ్లే పిల్లినీ పిల్లలనూ పట్టుకెళ్లి దూరంగా వదిలేస్తారని మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చెప్పాడు. అతనిది మేడ్చల్. నాకన్నా చిన్నవాడు. మాట కటువుగా ఉంటుంది గానీ మనిషి చెడ్డవాడు కాదు.

"నాకు పిల్లితోని పంచాయితీ ఏం లేదక్కా. తనిఖీ కానియ్. ఆ తర్వాత పులొచ్చి పండుకున్నా నేనేం అన," అన్నాడు.

ఈ మాట ల్యాబ్‌లో పనిచేసే ఒక మేడమ్ చెవిన పడింది. కోస్తా వైపు పిల్ల. అమ్మానాన్నలతో గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో ఉండేది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. సూటు కోసం వచ్చినప్పుడల్లా నన్ను పలకరించకుండా వెళ్లేది కాదు.

"అమ్మగారూ, ఎక్కడో వదిలేస్తే ఆ పిల్లలు బతకవండి. మా ఇంటికి తీసుకెళ్లిపోతాను. మాకు పెద్ద బాల్కనీ ఉంది. మీరు తల్లిని కాస్త పట్టుకుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను," అంది.

"పిల్లిని పట్టుడు నాకు కొత్తనా బిడ్డా. మా ఇంట్ల ఎన్ని పెరగలే," అన్నాను.

మా చిన్నప్పుడు మా అమ్మ పిల్లిని మెడ వెనక తోలు పట్టి ఎత్తితే అది తడిగుడ్డలా వేలాడేది. నాకు తెలిసిన పిల్లి అదే. కళ్లు తెరిచినప్పటి నుంచి మనిషి చెయ్యి ఎరిగిన పిల్లి వేరు, ఎరగని పిల్లి వేరు అని నాకు తట్టలేదు.

గీరుతుందేమోనని మేడమ్‌కు అనుమానం వచ్చింది. దానికి ఆమెకు తోచిన ఉపాయం, ఆ కంపెనీలో ఎవరికైనా తోచే ఉపాయమే. సూటు వేసుకుందామంది. చిరుగులు పడి పక్కన పెట్టినవి ఉన్నాయి కదా, రెండు తీశాను. భోజనాల వేళ ఇద్దరం తల నుంచి పాదాల దాకా తెల్లగా తయారయ్యాం. కళ్లద్దాలు, రెండు జతల గ్లోవ్స్. క్యాంటీన్ నుంచి బిస్కెట్ల అట్టపెట్టె తెచ్చుకున్నాం.

వెనక వైపు వేపచెట్టు నీడలో మా క్యాబ్ డ్రైవర్ సీటు వాల్చుకుని పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు.

"ఏందక్కా, చందమామ మీదికా? మల్ల సాయంత్రం క్యాబ్‌కు అందుకుంటరా?"

"నవ్వకండి అన్నయ్యా. సేఫ్టీ," అంది మేడమ్.

"ఎవలికి సేఫ్టీ మేడమ్? పిల్లికా?"

ఆ ప్రశ్నకు మేమిద్దరం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది.

తల్లి లేదు. పిల్లలు పలకల సందులో ముద్దగా పడుకుని ఉన్నాయి. మేడమ్ బోర్లా పడుకుని ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టింది. "తల్లి వదిలేసి పోయిందండీ పాపం," అంది. వదిలేసి పోలేదు. తిండికి వెళ్లింది. పిల్లల అరుపు విని వచ్చి, యంత్రం మీద నుంచి మేడమ్ వీపు మీదికి దూకబోయింది. నేను అడ్డం వెళ్లి, మా అమ్మలాగే, మెడ వెనక తోలు పట్టుకున్నాను.

తడిగుడ్డలా వేలాడలేదు. తన తోలు లోపలే అది గిర్రున తిరిగింది. ఎలా తిరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. చూపుడువేలి కణుపు మీద దాని పళ్లు దిగాయి. రెండు జతల గ్లోవ్స్ ఉల్లిపొర కన్నా ఎక్కువ అడ్డం పడలేదు. నేను చెయ్యి విదిలిస్తే అది గోడెక్కి, అక్కడి నుంచి మమ్మల్ని చూస్తూ బుసకొట్టింది.

"పెట్టె ఆడనే పెట్టు బిడ్డా. దాని పిల్లలను అది తీస్కపోతది," అన్నాను. మేడమ్ పెట్టెను పక్కకు వంచి పెట్టింది. సాయంత్రానికి అది ఖాళీ అయింది.

నా వేలి మీద రెండు చుక్కలు. నెత్తురు కూడా పెద్దగా లేదు. సూది గుచ్చుకున్నా ఇంతకన్నా ఎక్కువ వస్తుంది. మేడమ్ సూటు జిప్పు కిందికి లాగింది. జేబులో నుంచి స్పిరిట్ సీసా తీసి వేలు తడిసేలా కొట్టింది. అక్కడ అన్నింటికీ అదే మందు. బల్ల తుడవాలన్నా, తలుపు తాకాలన్నా, చెయ్యి చాపాలన్నా ముందు స్పిరిట్. తరువాత కొత్త గ్లోవ్ తెచ్చి నా చేతికి తొడిగింది.

"ఇంక ఏం కాదండి. శుభ్రంగా ఉంది," అంది. నాకూ అలాగే అనిపించింది. ఇన్నేళ్లుగా చేతికి కొత్త గ్లోవ్ తొడిగితే శుభ్రమైపోయినట్టే లెక్క. ఊళ్లో అయితే పసుపు పెట్టేదాన్ని, అదీ తప్పేనట. కుళాయి తిప్పి సబ్బుతో కడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రోజు మిగతా పనంతా గౌనింగ్ గది బయట మాసిన సూట్ల దగ్గరే చేశాను.

సాయంత్రం క్యాబ్ ఎక్కేసరికి వేలు సలుపుతోంది. శామీర్‌పేట వైపు వస్తుంటే ప్రతి గతుకూ చేతిలోనే పడుతున్నట్టుంది. గ్లోవ్ తీద్దామంటే రాలేదు. లోపల చెయ్యి పూరీలా పొంగింది. పక్కన మేడమ్ చూసి ఏడుపు మొహం పెట్టింది. డ్రైవర్ అద్దంలో చూశాడు.

"ఏమైందక్కా చేతికి?"

"పిల్లి కొరికింది తమ్మీ."

"గదా మీ చందమామ యాత్ర," అన్నాడు. ఆ తరువాత నవ్వలేదు. మా ఊరి స్టాపు వచ్చింది. బండి ఆగలేదు.

"తమ్మీ, నా స్టాపు పోతాంది."

"పోనియ్. ఇంటికి పోయి ఏం జేస్తవ్? మేడ్చల్ దవాఖానకు పోదాం. ఎవలికన్న లేటయితే నన్ను తిట్టుకోండ్రి, అక్కను తిట్టకుండ్రి."

బండిలో ఇంకా చాలామంది ఉన్నారు. పొద్దంతా నిలబడి పనిచేసిన వాళ్లు. ఒక్కరూ తిట్టలేదు. ఎవరో వెనక నుంచి నీళ్ల సీసా అందించారు.

దవాఖానలో డాక్టరమ్మ గ్లోవ్‌ను కత్తెరతో కోసింది. "దీన్ని ఎవరు తొడిగిన్రు?" అని అడిగింది. మేడమ్ తలదించుకుని, "నేనేనండి. ముందు స్పిరిట్ కొట్టానండి," అంది.

"ముందు సబ్బు, నీళ్లు. మస్తుసేపు. పిల్లి పన్ను సన్నగ లోపలికంట పోయి మురికిని ఆడ విడిచిపెడ్తది. పైన రంధ్రం మూసుకుంటది. మీరు దానిమీద మూత గూడ పెట్టిన్రు," అంది డాక్టరమ్మ. తిట్టినట్టు కాదు, మామూలుగానే. నా చెయ్యి కుళాయి కింద పెట్టించి సబ్బుతో కడిగించింది. సూదులు వేసింది. వేలి కణుపులో చీము పడుతోంది కాబట్టి వెంటనే పెద్ద దవాఖానకు వెళ్లమని రాసిచ్చింది. చివరికి అడిగింది.

"పిల్లి ఏడుంది?"

"గోడ మీద," అన్నాను.

"దాన్ని కనిపెట్టుకుని ఉండాలె. పిచ్చికుక్కల జబ్బున్న పిల్లయితే పది దినాల్లో తెలుస్తది, సస్తది. మంచిగ తిరుగుతాంటే నిమ్మలం. అది ఎట్లున్నా నీ సూదులు మాత్రం ఆగొద్దు."

మరునాడు పెద్ద దవాఖానలో వేలు కోసి కడిగారు. కట్టు కట్టి చెయ్యి పైకి వేలాడదీశారు. నొప్పి కన్నా నాకు నీళ్లంటే భయం పట్టుకుంది. ఆ జబ్బు వస్తే నీళ్లు మింగలేరని, పైకి కనబడ్డాక ఇక మందు లేదని వార్డులో ఎవరో చెప్పారు. పొద్దున లేవగానే గ్లాసెడు నీళ్లు తాగి, గొంతు దిగాయా లేదా అని చూసుకునేదాన్ని. దిగితే ఆ రోజుకు బతికినట్టు. సూదులు వేశారు కదా అని నర్సమ్మ ఎంత చెప్పినా ఆ గ్లాసు మానలేదు.

మా చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టించాలని మా ఆయన వెళ్లాడు. పిల్లి కూడా బతకాలి కదా. పిల్లి కోసం ప్రార్థన చేయమనడానికి సిగ్గుపడి, "ఇంకొక ప్రాణం గూడ ఉందయ్యగారూ, దాని పేరు జెప్పలేను," అన్నాడట. సంఘమంతా నా వేలి కోసం, ఆ పేరు లేని ప్రాణం కోసం కళ్లు మూసుకుని ప్రార్థించారు. పిల్లి అని తరువాత తెలిసినప్పుడు పాస్టరమ్మ నవ్వి నవ్వి కూర్చుండిపోయింది.

అక్కడ కంపెనీలో మేడమ్ మరునాడు పొద్దున్నే సూపర్‌వైజర్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను తల పట్టుకున్నాడట. ఆ రోజే కాంట్రాక్టు వాళ్లు పంజరంతో వచ్చారు. అతనే గేటు దగ్గర ఆపి, పైవాళ్లతో మాట్లాడి, పిల్లిని ముట్టడానికి వీల్లేదని వెనక్కి పంపాడు. నిన్నటిదాకా తరిమేయాలన్న పిల్లికి ఇప్పుడు అతనే కావలి. రోజూ పొద్దున నాకు ఫోన్ చేసేవాడు.

"అక్కా, నీ పిల్లి ఎలుకను పట్టింది."

"అక్కా, నీ పిల్లి నన్ను జూసి ఉరికింది. దాని కాళ్లు మంచిగనే ఉన్నయ్."

"అక్కా, క్యాంటీన్ల ఇడ్లీ పెడితే వాసన జూసి పోయింది. నాకు గూడ గా ఇడ్లీ నచ్చది. దానికి దిమాక్ ఉంది."

నేను పడీపడీ నవ్వేదాన్ని. వార్డులో వాళ్లు కూడా "ఇయ్యాల పిల్లి ఏం జేసింది?" అని అడగడం మొదలుపెట్టారు. తనిఖీ కూడా అయిపోయింది. వచ్చినవాళ్లు ఆ వెనక వైపుకే వెళ్లలేదట.

సాయంత్రాలు మేడమ్ వచ్చేది. మొదట్లో ఊరికే కూర్చుని కళ్లు తుడుచుకునేది. నాకు చూడబుద్ధి కాలేదు. "ఏడ్సుడు బంజేసి నాకు ఏదన్న నేర్పు బిడ్డా," అన్నాను. మరునాడు మేడ్చల్ బజారులో పలక కొనుక్కొచ్చింది. కుడిచెయ్యి పైన వేలాడుతోంది కాబట్టి బలపం ఎడమచేతికి ఇచ్చింది. అ, ఆ అని మొదలుపెట్టబోయింది.

"గవి తర్వాత. ముందు పిల్లి అని రాసుడు నేర్పు," అన్నాను.

"అది కష్టమండి. కింద వత్తు వస్తుంది."

"కొరికిచ్చుకున్నదాన్ని. రాసుకోలేనా?"

అలా నా చదువు పిల్లితో మొదలైంది. పది రోజులు నిండవస్తుండగా సూపర్‌వైజర్ ఫోన్ ఆగిపోయింది. ఒక పొద్దున రాలేదు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాను. మరునాడూ రాలేదు. నేను చేయించిన ఫోన్ ఎత్తలేదు. మేడమ్‌ను అడిగితే, "కనబడలేదంటండి. వెతుకుతున్నారు," అని పలక వైపు చూస్తూ చెప్పింది. పిల్లలు కూడా లేవట.

ఆ సాయంత్రం పలక నిండా పిల్లి అని రాశాను. చెరిపి మళ్లీ రాశాను. ఎడమచేతి అక్షరాలు, ఒకటి లేస్తే ఒకటి పడుకుంటుంది. మేడమ్ వాటిని దిద్దలేదు. నీళ్ల గ్లాసు పక్కనే ఉంది. తాగి చూసుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

పదో రోజు గడిచిన మధ్యాహ్నం సూపర్‌వైజర్ తానే వార్డులోకి వచ్చాడు. చొక్కా నిండా బూజు. మొహం చేటంత చేసుకుని ఫోన్ నా ముందు పెట్టాడు.

"చూడక్కా, నీ దొరసాని."

ఫోటోలో మా పాత సామాను షెడ్డు. మేమిద్దరం ఆ రోజు విప్పి మూలన పడేసిన చిరుగు సూట్లు. వాటి మీద చారల పిల్లి ఒత్తిగిలి పడుకుని పిల్లలకు పాలిస్తోంది. ఫోటో తీసేవాడిని తినేసేలా చూస్తోంది. మంచి ఆరోగ్యంగా ఉంది.

"నేను రోజు పోయి చూస్తున్ననని జాగ మార్చింది. షెడ్డంత గాలించిన. రెండొద్దుల నుంచి నీకు ఫోన్ ఎట్ల జెయ్యాలె? ఉన్నదని అబద్ధం జెప్పరాదు, లేదని నిజం జెప్పరాదు. పరేషాన్ జేసింది," అన్నాడు.

నేను గ్లాసెడు నీళ్లు గటగటా తాగాను. అతనికి ఎందుకో అర్థం కాలేదు. "దూప గొన్నదా అక్కా?" అని ఇంకో గ్లాసు పోసిచ్చాడు. అదీ తాగాను.

తరువాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నా వేలు మళ్లీ వంగలేదు. మడతపెట్టే పని పోయింది గానీ చిరుగులు వెతకడానికి కళ్లు చాలు కదా, గౌనింగ్ గదిలోనే ఉంచారు. పిల్లలు పెద్దయ్యాక జంతువుల డాక్టరు మనుషులు తిండి పెట్టిన పంజరంతో వచ్చారు. ఎవరూ పట్టుకోలేదు, తరమలేదు. దూరంగా కూర్చున్నారు. పిల్లి తానే లోపలికి నడిచింది. తలుపు పడగానే పంజరం మీద గుడ్డ కప్పారు. ఇక ఈనకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదిలారు. పని అయిపోయింది. మేమేమో సూట్లు వేసుకుని వెళ్లాం. మీకు పిల్లిని కాపాడాలనిపిస్తే అలాంటివాళ్లను పిలవండి. పిల్లి పిల్లలు ఒంటరిగా కనబడితే తల్లి వచ్చేదాకా దూరంగా ఉండి చూడండి. కొరికితే సబ్బు, కుళాయి, దవాఖాన. ఇంతే నాకు తెలిసింది. ఇందుకు ఒక వేలు ఖర్చయింది.

ఫోటో చూసిన ఆ సాయంత్రమే నన్ను ఇంటికి పంపారు. మరుసటి రోజు పొద్దున ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. చెయ్యి మెడకు కట్టుకుని స్టాపులో నిలబడ్డాను. డ్రైవర్ తలుపు తీసి, "ఇయ్యాల సూట్ లేదా అక్కా?" అన్నాడు. బండంతా నవ్వింది. గాయముంది కాబట్టి గౌనింగ్ గదిలోకి రానివ్వరు. తెలిసే వెళ్లాను. క్యాంటీన్‌లో ఒక అట్టపెట్టె అడిగి మూత చింపించుకున్నాను. సూపర్‌వైజర్ దగ్గర నల్ల మార్కర్ తీసుకున్నాను. షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూర్చుని, వార్డులో పలక మీద దిద్దుకున్న మాటకు ఇంకో మాట మేడమ్‌ను అడిగి చేర్చి, ఎడమచేత్తో రాశాను. ఇతరులు చదవడానికి నేను రాసిన మొదటి రాత అదే: పిల్లిని ముట్టకండి.

దాన్ని షెడ్డు తలుపుకు తగిలించాను. లోపల నుంచి బుస వినబడింది. సరేలే అని కుర్చీని కాస్త దూరం జరుపుకుని, పిల్లి వైపు వీపు పెట్టి కూర్చున్నాను.